అత్త లేస్తే పరిగెత్తే బోటు

మా మేనత్త బోటు యజమాని అంటే ఎవరూ ఒక పట్టాన నమ్మరు. నూలుచీర కుచ్చెళ్ళు కాస్త పైకి దోపుకుని, ముక్కుకు రెండు వైపులా పుడకలతో, అరియాంకుప్పం ఏటి ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంటుంది. షికారుకు వచ్చినవాళ్ళు ఆవిడను పూలమ్మే మనిషి అనుకుని, "బోటాయన ఎక్కడమ్మా?" అని అడుగుతారు. "బోటాయన పోయి చాన్నాళ్ళయింది. బోటమ్మను నేనే, ఎక్కండి," అంటుంది. నవ్వాలో నొచ్చుకోవాలో తెలియక వాళ్ళు గబగబా ఎక్కేస్తారు.

బోటు మా మామ కొన్నది. ఆయన పోయాక అమ్మేయమని చుట్టాలందరూ చెప్పారు. అత్త వినలేదు. మామ బతికి ఉండగానే ఆయన పక్కన నిలబడి చక్రం తిప్పడం నేర్చుకుంది కాబట్టి నడపడానికి భయం లేదు. కానీ ఇంజిన్ అంటే మాత్రం ఆవిడకు పడదు. ఆ పనికి తమ్ముడున్నాడు. అంటే మా నాన్న. ఆయన బట్టల మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. నేత మిషన్లు బాగుచేసిన చేత్తో బోటు ఇంజిన్ ఎలా బాగుచేస్తావని ఎవరైనా అడిగితే, "రెండూ ఇనుమే గదా," అనేవాడు. చక్రం కూడా ఆయనే పట్టేవాడు. అత్త వెనకాల కూర్చుని, వచ్చినవాళ్ళకు ఏటినీ, మడ చెట్లనూ, ఏరు సముద్రంలో కలిసే ఇసుకదిబ్బనూ చూపిస్తూ కబుర్లు చెప్పేది. నేను లాస్‌పేటలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. ఆదివారాలు బోటు దగ్గరికి వెళ్ళి, ఎక్కేవాళ్ళకు లైఫ్ జాకెట్లు తొడిగి బకిల్స్ బిగించడం నా వంతు.

మాది ఈ తమిళ ఊళ్ళో ఎన్నో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఇంజిన్ దగ్గర ఇంగ్లీషు. అత్తకూ నాన్నకూ తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. నేను పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అక్కాతమ్ముళ్ళిద్దరూ బోటులో ఎంత పోట్లాడుకున్నా, ఎక్కినవాళ్ళకు ముక్క అర్థమయ్యేది కాదు. అదే వాళ్ళిద్దరి ధైర్యం. ముఖాన నవ్వు చెరగకుండా, "ఏటికడ్డంగా పోతాండావు, కండ్లు యాడ పెట్టుకున్నావు?" అని అత్త అనేది. అదే నవ్వుతో, "నువ్వు నోరు మూస్తే కండ్లు కనిపిస్తాయి," అని నాన్న జవాబిచ్చేవాడు. షికారుకు వచ్చినవాళ్ళు ఎంత ఆప్యాయంగా మాట్లాడుకుంటున్నారో అనుకునేవాళ్ళు.

ఒక ఏడాది వానలు తగ్గి, జనం మళ్ళీ రావడం మొదలయ్యాక బోటు నీరసపడింది. ఒడ్డు దాటేటప్పుడు బాగానే ఉండేది. ఏటి మధ్యకు వచ్చేసరికి ఆయాసం వచ్చినదానిలా రొప్పుతూ, వెనక నల్లటి పొగ వదులుతూ, ఈడ్చుకుంటూ నడిచేది. పక్కనుంచి చేపల పడవలు దాటిపోతూ చేతులూపేవి. అవి సరదాకి ఊపినా అత్తకు మాత్రం ఎగతాళిలా కనిపించేది.

నాన్న డీజిల్ మంచిది కాదన్నాడు. డీజిల్ మార్చాడు. ఫిల్టరు పాడైందన్నాడు. ఫిల్టరు మార్చాడు. ఇంజెక్టరు విప్పి, గుడ్డలో చుట్టి, పసిబిడ్డను తీసుకెళ్ళినట్టు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి తెచ్చాడు. బోటు తీరు మారలేదు. అత్త మటుకు ఇదంతా దిష్టి అని తేల్చేసింది. నల్లమొహం, కోరమీసాలు, బయటికి చాచిన ఎర్రనాలుక ఉన్న దిష్టి బొమ్మ ఒకటి కొనుక్కొచ్చి బోటు వెనక వైపు కట్టించింది. ఆ తర్వాత బోటు ఇంకాస్త మెల్లగా నడిచింది.

"చూసినావా, దిష్టి ఎంత గట్టిదో!" అంది అత్త.

ఇక్కడ బోటు సంగతి కొంచెం చెప్పాలి. బోటుకు రెండు వైపులా కూర్చోవడానికి బల్లలు, ముందు చక్రం, వెనక మధ్యలో ఇంజిన్. ఇంజిన్‌ను కప్పుతూ ఒక పెద్ద చెక్క పెట్టె ఉంటుంది. దానికి మూత. మూత మీద మెత్తటి పరుపు. ఆ పరుపే మా అత్త సింహాసనం. ఇంజిన్‌కు గాలి తగలడానికి ఆ పెట్టెకు చెరో వైపున, బోటు గోడలకు రెండు జాలీలు ఉన్నాయి. పాతకాలపు కిటికీ తలుపులకు ఏటవాలుగా చెక్క రెక్కలుంటాయే, అలాంటివే ఇవి రేకుతో. వాటి వెనక నుంచి లావుపాటి గొట్టాలు కిందికి ఇంజిన్ దగ్గరిదాకా వెళతాయి. వాటిని మేం రోజూ చూసేవాళ్ళమే. రోజూ చూసేవాటిని ఎవరు చూస్తారు?

ఒక ఆదివారం సాయంత్రం బోటు నిండా జనం. ఏటి మధ్యలో మామూలుగానే బోటు మూలగడం మొదలుపెట్టింది. ఇంతలో మడ చెట్ల మీద కొంగల గుంపు కనిపించింది. అత్త చూపించడానికి లేచి నిలబడింది. బోటు ఒక్కసారిగా గుక్క తిప్పుకుని ముందుకు ఉరికింది. అత్త కూర్చుంది. బోటు నీరుగారింది. కాసేపటికి ఎవరో పిల్ల లైఫ్ జాకెట్ ఊడిందని అత్త మళ్ళీ లేచింది. బోటు మళ్ళీ ఉరికింది.

నాన్న వెనక్కి తిరిగి చూశాడు. ఆయన ముఖంలో పెద్ద సత్యమేదో కనిపెట్టిన వెలుగు.

"అక్కా, నువ్వు లేస్తే బోటు పరిగెత్తతాండాది! ఒడ్డు చేరేదాకా రవ్వంత నిలబడుకోని రా!"

బోటంతా గొల్లున నవ్వింది. మేం ముగ్గురం బిత్తరపోయాం. తెలుగులో అన్నమాటకు వీళ్ళెందుకు నవ్వుతున్నారు? ఆ రోజు ఎక్కినవాళ్ళు నెల్లూరు నుంచి వచ్చినవాళ్ళని మాకప్పుడు అర్థమైంది. అంటే అప్పటిదాకా అక్కాతమ్ముళ్ళు అనుకున్న మాటలన్నీ, ఎవరి కండ్లు యాడ పెట్టుకున్నారన్నది కూడా, వాళ్ళు శ్రద్ధగా వింటూనే ఉన్నారన్నమాట. ఒకావిడ అత్త చెయ్యి పట్టుకుని, "పోనీలే పెద్దమ్మా, మగాళ్ళ మాటలంతే," అని ఓదార్చింది కూడా. అది మరీ కాల్చింది.

అత్త అరిచి ఉంటే సర్దుకునేది. అరవలేదు. ఒడ్డు దాకా నిలబడే వచ్చింది, నిటారుగా, ఎవరినీ చూడకుండా. జనం దిగిపోయాక నాన్నతో, "రేపటినుంచి నువ్వు రావద్దు. నువ్వు లేకుంటే బోటు తేలిగ్గా ఉంటాది," అని చెప్పి ఇంటికి వెళ్ళిపోయింది.

నాన్నకూ రోషం వచ్చింది. "ఉన్నమాట అంటిని. దానికింత కోపమా?" అని, పిళ్ళైచావడిలో చేపలు పట్టే తన స్నేహితుడి ఇంటికి వెళ్ళి కూర్చున్నాడు. ఆయన పడవకు ఇంజిన్ బయటే వేలాడుతూ ఉంటుంది, దానికి పెట్టే లేదు, మూతా లేదు, మూత మీద అక్కా లేదు అని నాతో ఫోన్‌లో చెప్పాడు.

వారమంతా బోటు కదల్లేదు. తర్వాతి ఆదివారం చక్రం అత్తే పట్టింది. నేను తోడు వెళ్ళాను. పొద్దున్నే ఎక్కినవాళ్ళు కొద్దిమందే. అందరూ ముందు బల్లల మీద సర్దుకున్నారు. పెట్టె మీద ఎవరూ కూర్చోలేదు. బోటు చక్కగా, కొత్తదానిలా నడిచింది. ఇసుకదిబ్బ దాకా వెళ్ళి ఎక్కడా ఆయాసపడకుండా వచ్చింది.

సంతోషించాల్సింది పోయి అత్త ముఖం చిన్నబోయింది. బోటు కట్టేశాక చాలాసేపు తాడు సవరిస్తూ కూర్చుంది. మధ్యాహ్నం క్యారియర్ విప్పితే అన్నం కెలికి పక్కన పెట్టేసింది.

"ఏంది అత్తా, కూర బాగలేదా?"

"కూరకేం. పాపా, నిజం చెప్పు. నేను అంత లావుండానా?"

అత్త లావే. చిన్నప్పుడు ఆవిడ ఒళ్ళో పడుకుని నిద్రపోయేవాళ్ళం అందరం, ఒకరి పక్కన ఒకరు, ఇంకా చోటు మిగిలేది. అయినా, "బోటును ఆపేంత లావు ఎవరూ ఉండరత్తా," అన్నాను. ఓదార్పుకే అన్నాను గానీ, ఆ మాట అన్నాక నాకే అనుమానం వచ్చింది. నిజమే కదా. ఇంతమందిని మోసే బోటు ఒక్క మనిషికి ఎందుకు లొంగుతుంది?

సాయంత్రం ఒక పెద్దాయన మనవళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, మా అత్తకు ఏమాత్రం తీసిపోని దేహం. ఎక్కుతూనే బోటంతా కలియజూసి, మెత్తటి పరుపు ఎక్కడుందో కనిపెట్టి, వెళ్ళి పెట్టె మీద కూర్చున్నాడు. ఏటి మధ్యకు రాగానే బోటు రొప్పడం మొదలుపెట్టింది.

అత్త వెనక్కి తిరిగి చూసింది. పెద్దాయన్ను చూసింది. పొద్దుటి నుంచి వాడిపోయి ఉన్న ముఖం విచ్చుకుంది.

"పాపా! చూసినావా! నేను ఈడుండా! నేను ఈడ నిలబడుకోనుండా!"

నేను పెద్దాయన దగ్గరికి వెళ్ళి, కాస్త ముందు బల్ల మీదికి వస్తారా అని తమిళంలో అడిగాను. ఆయన వచ్చాడు. బోటు ఉరికింది. ఇక్కడే నా బుర్రలో ఏదో మెరిసింది. ఆయన బోటు దిగిపోలేదు కదా. అదే మనిషి, అదే బరువు, చోటు మారాడంతే. అంటే తప్పు బరువుది కాదు. ఆ పెట్టెది.

"మీరేమీ అనుకోకపోతే మళ్ళీ ఒకసారి పెట్టె మీద కూర్చుంటారా?"

ఆయన ఏమీ అనుకోలేదు. కూర్చున్నాడు. బోటు నీరసించింది. "ఇప్పుడు లేవండి." లేచాడు. బోటు పరిగెత్తింది. మనవళ్ళకు ఇది భలే నచ్చింది. "తాతా కూర్చో! తాతా లే!" అని చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. మిగిలినవాళ్ళూ కలిశారు. ఆయన కూడా పంచె సర్దుకుంటూ, నవ్వుతూ, ఏదో గొప్ప పదవి దక్కినట్టు కూర్చున్నాడు, లేచాడు, కూర్చున్నాడు. బోటు ఏటి మీద ఆగుతూ ఉరుకుతూ వెళుతుంటే, పక్క పడవవాళ్ళు మా అత్తకు పూనకం వచ్చిందనుకున్నారట. తర్వాత చెప్పారు.

ఆయన్ను ముందుకు పంపి, చున్నీ నడుముకు బిగించి కట్టుకుని, నేను పెట్టె మూత పట్టుకుని జానెడు పైకి ఎత్తాను. లోపలి నుంచి పొయ్యి మీది ఆవిరిలా వేడి ముఖానికి కొట్టింది. ఇంజిన్ గొంతు మారిపోయింది. గరగరమనేది కాస్తా కమ్మగా పాడింది. మూత దించాను. పాట దిగింది. ఎత్తాను. పాట లేచింది. హార్మోనియం తిత్తి నొక్కినట్టు నేను ఎత్తుతూ దించుతూ ఉంటే, అత్త ముందు నుంచి కేక వేసింది.

"ఏందది? ఎవురు దాని గొంతు పిసుకుతాండేది?"

"మనమే అత్తా! దీనికి గాలి చాల్లేదు! ఊపిరాడ్డం లేదు!"

ఇంజిన్ డీజిల్ తాగితే చాలదు, గాలి కూడా పీల్చాలి. ఆ గాలి జాలీల గుండా రావాలి. రావడం లేదు. మూతకూ పెట్టెకూ మధ్య అతికించిన రబ్బరు పాతబడి, ఉబ్బి, మూతను కాస్త ఎత్తి పెట్టింది. ఆ సందులోంచే అది ఇన్నాళ్ళూ ఎలాగో ఊపిరి పీల్చుకుంటోంది. మీద ఎవరు కూర్చున్నా ఆ సందు కూడా మూసుకుపోతోంది. అత్త అయినా, తాత అయినా.

ఒడ్డుకు చేరాక అత్తకు ఇదంతా విడమర్చి చెప్పాను. ఆవిడ మొదటి రెండు ముక్కలే విన్నది.

"అయితే నా బరువు కాదు."

"కాదు."

"ఆ మాట వాని నోటితో చెప్పమను. నెల్లూరోళ్ళు లేరు, వాళ్ళు యాడికి పోయినారో. నా ముందర చెప్పినా చాలు."

నేను స్కూటర్ తీసుకుని పిళ్ళైచావడి వెళ్ళాను. నాన్న ఇసుకలో చాప మీద కూర్చుని, స్నేహితుడి వలకు ముడులు వేస్తున్నాడు. ఆయన వేసిన ముడులను ఆయన చూడని వేళ స్నేహితుడి భార్య విప్పేస్తోంది. నన్ను చూడగానే ఆవిడ, "మీ నాన్నను తీసుకుపోతున్నావా తల్లీ?" అని ఎంతో ఆశగా అడిగింది.

జరిగింది చెబుతుంటే నాన్న చేతిలో దారం ఆగిపోయింది. "గాలి!" అన్నాడు. నుదురు కొట్టుకున్నాడు. "ఛ, గాలి గదా!" అని లేచి చెప్పులు వెతుక్కున్నాడు. దారిలో స్కూటర్ వెనక కూర్చుని ఒకటే సణుగుడు, అక్క మీద కాదు, తన మీద. లాస్‌పేట దాటేవేళకు సణుగుడు తగ్గి, "నేను ఎట్లయినా దాన్ని కనిపెట్టుంటాను. ఇంకో వారం పట్టేది," అనేదాకా వచ్చాడు.

అత్త ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. నాన్న ఎదురుగా నిలబడ్డాడు.

"నేను నీ బరువంటినా? నువ్వు లేస్తే అంటిని, అంతే."

"అందురూ నవ్విరి."

"వాళ్ళు నవ్వితే నేనేం చేసేది?"

అత్త ముఖం తిప్పుకుంది. నాన్న తల గోక్కున్నాడు. నేను గుచ్చి చూశాను.

"సరి. నీ బరువు కాదు అక్కా. గాలి. చాలునా?"

"ఇంకొకతూరి చెప్పు."

"నీ బరువు కాదు!" అని నాన్న అరిచిన అరుపుకు ఏటి ఒడ్డున వలలు ఆరేసుకునేవాళ్ళంతా తిరిగి చూశారు. అత్త లేచి, "స్క్రూడ్రైవరు యాడ పెట్టినావు?" అంది. సంధి అయిపోయింది.

అయితే స్క్రూలు ఎక్కడున్నాయో కనిపించలేదు. జాలీ చుట్టూ ఉండాల్సిన ఇత్తడి స్క్రూల తలలన్నీ పెయింటు కింద పూడిపోయాయి. మా అత్తకు పెయింటంటే ప్రాణం. ఏటా వానలకు ముందు బోటుకు కొత్త రంగు పడాల్సిందే. ఒక ఏడు నీలం, ఒక ఏడు ఆకుపచ్చ, ఒక ఏడు ఆవిడకు నచ్చిన గులాబీ. పాత రంగు గీకే అలవాటు ఎవరికీ లేదు. గోడలకు వేసినట్టే జాలీ రెక్కల మీద కూడా వేస్తూ పోయారు. రెక్కకూ రెక్కకూ మధ్య ఉండాల్సిన ఖాళీ, వేళ్ళ సందుల్లో గోరింటాకు ముద్ద నిండినట్టు, రంగుతో నిండిపోయింది.

"చూసినావా అక్కా! నీ రంగు!" నాన్న ఆనందం చెప్పలేను.

కత్తితో గీకి, స్క్రూలు బయటపెట్టి, మొదటి జాలీ ఊడదీశాం. దాని వెనక దోమతెర బిగించి ఉంది. సన్నటి కంతల దోమతెర. ఉప్పూ, డీజిల్ మసీ పేరుకుని అది తెరలా లేదు, అట్టలా ఉంది.

"ఇదెవురు పెట్టింది?" అత్త అడిగింది.

నాన్న చెక్కల వైపు చూశాడు, ఏటి వైపు చూశాడు. "పీతలు దూరతాండాయని..."

"ఇంజిన్‌కు దోమలు కుడతాయని దోమతెర కట్టినావా తమ్ముడూ?"

ఈసారి ఆనందం అత్తది. రెండో జాలీ వంతు వచ్చింది. దాని మీద దిష్టి బొమ్మ ఉంది, కరెక్టుగా కంతలన్నీ మూసేస్తూ, నాలుక చాపి. కట్టడానికి అనువైన చోటు ఇంకెక్కడా దొరకలేదట. బొమ్మ తీస్తే దాని వెనక ఆయుధపూజ బంతిపూల దండలు. దండ తగిలించడానికి కూడా జాలీయే వీలు కాబట్టి, ఏటేటా కట్టిన దండల నుంచి రాలిన పూలన్నీ రెక్కల సందుల్లోంచి లోపలికి జారి గొట్టంలో చేరాయి. గొట్టాన్ని ఊడదీసి తిరగేస్తే బంతి రెక్కలు, దారం ముక్కలు, విబూది ఉండలు, కందిరీగ కట్టిన మట్టిగూడు అన్నీ బోటు నేల మీద పోసినట్టు పడ్డాయి. ఆయుధపూజకు దండలు కట్టేది నాన్న. దగ్గరుండి కట్టించేది అత్త. పళ్ళెం పట్టుకునేది నేను. ముగ్గురం వంగి ఆ కుప్పను చూశాం. ముందుగా నవ్వింది అత్తే. ఆ నవ్వుకు బోటు ఊగింది. నాన్న ఆ ముక్క అనబోయి నాలుక కరుచుకున్నాడు.

బాగుచేసే పని అనుకున్నంత సుళువుగా జరగలేదు. గొట్టం ఒకచోట నలిగి, లోపలి తీగ తుప్పుపట్టి విరిగింది. అది మార్చాలి. జాలీ రెక్కలు గీకుతుంటేనే పెళుసుగా విరిగిపోయాయి. కొత్తవి చేయించడానికి నేనూ నాన్నా మేట్టుపాళయంలో ఒక రేకు పని షెడ్డుకు వెళ్ళాం. అక్కడి యజమాని పాత జాలీని చేతిలో తిప్పి చూసి, "వంటింటికా, బాత్‌రూముకా?" అని అడిగాడు. బోటుకు అని చెబితే సరదా పడ్డాడు. తుప్పుపట్టని స్టీలు రేకుతో చేయించుకోమన్నాడు. వంచిన రెక్కలు చేతికి వచ్చేసరికి అద్దంలా మెరిశాయి. అత్త వాటిని చూసి, "దీనికి రంగు..." అని మొదలుపెట్టింది. నేనూ నాన్నా ఒకేసారి "వద్దు!" అన్నాం.

బిగించే పని నేను చేస్తానన్నాను. జబ్బు కనిపెట్టింది నేను కదా, మందు కూడా నేనే వేస్తానని గొప్ప. పాత స్క్రూ కంతలు తుడిచి, అంచులకు నీళ్ళు పట్టని జిగురు పూసి, కొత్త జాలీని నిలబెట్టి, స్క్రూలు ఒక్కొక్కటే బిగించాను. నాన్న పెట్టె మూతకు కొత్త రబ్బరు అతికించాడు. అత్త గొట్టాలకు బిగింపు పట్టీలు వేసింది. ఆవిడ చేతి బలం ఈ పనికి ఎంతో అక్కరకొచ్చింది. దోమతెర బదులు పీతలు మాత్రం దూరలేని పెద్ద కంతల వల పెట్టాం. అంతా అయ్యాక, జనాన్ని ఎక్కించుకోకుండా, ముగ్గురమే బోటు తీశాం.

ఏట్లో బోటు దూసుకెళ్ళింది. అత్త పెట్టె మీద కూర్చుంది. దూసుకెళుతూనే ఉంది. అత్త కావాలని రెండుసార్లు ఎగిరెగిరి కూర్చుంది. ఇంజిన్ గొంతు మారలేదు. అత్త గర్వంగా చుట్టూ చూసింది, నెల్లూరు వాళ్ళు ఎవరైనా ఉంటే బాగుండుననుకుందేమో. ఆ ఊపులో నాన్న బోటును ఏటి ముఖం దగ్గరికి, సముద్రపు అలలు లోపలికి వచ్చే చోటికి తీసుకెళ్ళాడు. ఒక అల బోటు పక్కను తాకింది. తాకిన నీళ్ళు జారి కిందికి పోవాలి. పోలేదు. బుడబుడమని పెట్టె లోపలికి పోసుకున్నాయి. ఇంకో అల. ఇంకా నీళ్ళు. వేడి ఇనుము మీద నీళ్ళు చుయ్యిమన్నాయి. తెల్లటి ఆవిరి పెట్టె చుట్టూ లేచింది.

"ఏందే పాపా ఇది! ఇడ్లీ ఉడికిస్తాండావా?" అత్త పెట్టె మీది నుంచి ఒక్క గంతేసింది.

నాన్న బోటు వెనక్కి తిప్పి, నెమ్మదైన నీళ్ళలోకి వచ్చాక వంగి జాలీని చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడని తెలిసింది. జాలీని నేను తలకిందులుగా బిగించాను. రెక్కలు కిందికి వంగి ఉంటే గాలి వస్తుంది, నీళ్ళు జారిపోతాయి. నావి దోసిలి పట్టినట్టు పైకి చూస్తున్నాయి. వచ్చిన ప్రతి అలనూ రెండు చేతులా పట్టి లోపలికి పంపాయి.

"చదువుకున్న పిల్ల గదా, ఊరికే ఉంటిని," అన్నాడు నాన్న.

"నువ్వు పక్కన కూర్చుని చూస్తూనే ఉన్నావు కదా నాయనా?"

"నేను రబ్బరును చూస్తాంటిని."

ఒడ్డుకు చేరి, అడుగున చేరిన నీళ్ళు మగ్గుతో తోడి, పొడిగుడ్డలతో ఇంజిన్ తుడిచి, జిగురంతా గీకి, మళ్ళీ మొదటి నుంచి బిగించాను. ఈసారి బిగించే ముందు అత్త చెంబుతో నీళ్ళు పోసి పరీక్ష చేసింది. నీళ్ళు బయటికే జారాయి. అప్పుడే నా చేతికి స్క్రూలు ఇచ్చింది, ఒక్కొక్కటే, లెక్కగా, మందు బిళ్ళలు ఇచ్చినట్టు.

అప్పటినుంచి ఆ జాలీల బాగోగులు నావే అయ్యాయి. ఉప్పు పేరుకోకుండా మంచినీళ్ళతో కడగాలి. రెక్కల సందులు పాత పళ్ళబ్రష్షుతో రుద్దాలి. లోపలి వల తీసి దులపాలి. గొట్టాల్లో చెయ్యి పెట్టి తడిమి, నలిగాయేమో చూడాలి. ఆఫీసులో నా గోళ్ళ సందుల్లో నలుపు చూసి, తోటపని కూడా చేస్తావా అని తోటివాళ్ళు అడుగుతారు. బోటుకు ముక్కు చీదిస్తానని చెబుతాను. కొందరు నమ్ముతారు. ఒడ్డున మిగతా బోట్లవాళ్ళు కూడా తమ ఇంజిన్ కాస్త రొప్పితే, మెకానిక్‌ను పిలిచే ముందు, "చెల్లీ, ఒక్కసారి వచ్చి చూడు," అని నన్ను పిలుస్తున్నారు. నేను వెళ్ళి ఎంతో అనుభవం ఉన్నదానిలా మూత జానెడు ఎత్తి చెవి పెడతాను. సగం సార్లు గాలి సంగతే. మిగతా సగం సార్లు నాకేమీ తెలియదు. గంభీరంగా తలాడించి మెకానిక్‌ను పిలవమంటాను.

జాలీలు సరిగ్గా బిగించాక, జనాన్ని ఎక్కించుకునే ముందు మళ్ళీ ముగ్గురమే వెళ్ళిన సాయంత్రం ఒకటుంది. మూతకు కొత్త రబ్బరు పడడంతో ఇంజిన్ మోత బాగా తగ్గింది. అంతకుముందు బోటులో మాట వినిపించాలంటే అరవాల్సి వచ్చేది. వాళ్ళిద్దరూ ఎప్పుడూ పోట్లాడుకుంటారని నేననుకున్నది కొంత ఆ మోత వల్లే కావచ్చు. ఆ రోజు మామూలు గొంతుతో మాట్లాడుకున్నారు. ఇసుకదిబ్బ దగ్గర నీళ్ళు పలచగా, గాజులా ఉన్నాయి. అత్త చెయ్యి నీళ్ళలో ఆడిస్తూ, ఉన్నట్టుండి, "తమ్ముడూ, నీకు ఈత ఈడనే గదా నేర్పిస్తిని," అంది.

నాన్నకు ఈత నేర్పింది మా అత్తేనని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన చిన్నప్పుడు నీళ్ళంటే హడలట. తాటి మొద్దును పట్టుకుని ఏటి ఒడ్డునే తేలేవాడట. అత్త వెనక నుంచి వచ్చి మొద్దు లాగేసిందట.

"నువ్వు లాగలేదు. నేనే ఇడిస్తిని," అన్నాడు నాన్న.

"ఇడిసినోనివి అమ్మా అమ్మా అని ఎందుకు అరిస్తివి?"

"నేను అరవలేదు. అది నువ్వు."

"నేనా! అయ్యో దేవుడా, పాపా, విన్నావా?"

అత్త లేచి నిలబడి మరీ వాదించింది. నాన్న చక్రం వదిలేసి వెనక్కి తిరిగి మరీ జవాబిచ్చాడు. బోటు తన దారిన తాను మెల్లగా ఒక పక్కకు తిరుగుతుంటే, నేను ముందుకు వెళ్ళి చక్రం పట్టుకున్నాను. ఒడ్డు చేరేదాకా ఆ మొద్దు ఎవరు వదిలారో తేలలేదు.